లేని గేదెకు కుడితి

నందిగామ

అక్కయ్యా, ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నా. నీ మరిదికి గండం గడిచింది, భయపడకు.

మొన్న ఆయన అరికాల్లో పత్తి మోడు గుచ్చుకుంది. కాలు ఎర్రబడి మండుతుంటే, కళ్లంలో మిరపకాయలు తొక్కిన మంటేలే అని కొబ్బరినూనె రాసి ఊరుకున్నాం. తర్వాత జ్వరం, వణుకు, ఆయాసం. ఉన్నట్టుండి "గేదెకి కుడితి పెట్టావా?" అన్నారు. దాన్ని అమ్మేసి ఏళ్లయింది! కోడలు యామిని "మావయ్యగారికి తెలివి తప్పుతోంది, పదండత్తయ్యా" అని ఇక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట, సెప్సిస్ అన్నారు. ఇంకాస్త ఆగితే దక్కేవారు కాదట. సెలైన్లు, ఇంజక్షన్లతో తేరుకున్నారు. ఇవాళ ఇడ్లీ చప్పగా ఉందని విసుక్కుంటే నా ప్రాణం లేచొచ్చింది.

మీ మనిషినెవరినైనా మా ఊరు పంపి, కళ్లంలో ఉన్న మా మిరపకాయల మీద పట్టా కప్పించు. బావగారి మోకాలు ఎలా ఉంది? మీ కూలీలకెవరికైనా ఇలా అయితే మిర్చి మంటని ఊరుకోకు. పిల్లలకు దీవెనలు.

గేదె మాటెత్తితే ఆయన సిగ్గుపడుతున్నారు. నేనైతే, అదెక్కడున్నా చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటున్నా.

నీ చెల్లెలు
సీతారావమ్మ