పిల్లికి గది, అత్తకి లేదు

అమ్మాయీ,

బట్టలు ఆరాయి, తీసి మడతపెట్టు. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడిచేసుకో. నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

ఆ ఇల్లు కట్టుకునే వీడియో గేమ్ కొనాలో వద్దో ఆడి చూసి చెప్పమన్నావుగా. ఉచితంగా ఇచ్చినదాంట్లో నువ్వు ఆడగా మిగిలిన రెండు గంటలూ ఆడాను. మనసుకి విశ్రాంతి అన్నావు. కోళ్లకి మేతవేసి, కలుపు తీసేసరికి కూర్చున్నచోటే నడుం పడిపోయింది.

అదలా ఉంచు. నువ్వు అందులో కట్టిన ఇంట్లో మా వాడికి గది ఉంది, పిల్లికీ గది ఉంది. అత్తకి మాత్రం లేదు. నేను పిల్లిపాటి కూడా చెయ్యనా? కొనడం శుద్ధ దండగ.

— అత్తయ్య

మర్చిపోయాను. పిల్లిని వరండాలోకి తోలి, ఆ గదిలో నా మంచం వేసుకున్నాను. కిటికీ కూడా పెట్టించాను. సాయంత్రంలోగా కొనకపోతే అంతా చెరిపేస్తారట. ముందు అది కొను, బట్టలు తర్వాత మడతపెడుదువుగాని.