సున్నానికీ బూడిదకీ ఇరవై ఒక్క రోజులు

3 జూలై 1961, సోమవారం. ధర్మవరం.

ఉదయం 5.30. ఇరవై ఒక్క రోజుల దీక్ష మొదలు!

రోగులు ఇద్దరు. తెల్లది సున్నం, బూడిదరంగుది బూడిద. నా కూతురు లక్ష్మీదేవి ఏడ్చి గోల చేస్తే హిందూపురం సంతలో కొన్న కుందేళ్ళు. వారం నుంచీ ఒకటే గోక్కుంటున్నాయి. చెవుల అంచులూ మెడా పొక్కు కట్టాయి. కంటికి కనపడనంత చిన్న పురుగులు చర్మంలో చేరాయట, పశువుల డాక్టరు చెప్పాడు. వదిలేస్తే తిండి మానేసి చచ్చిపోతాయట.

చేయాల్సింది:
1. పొక్కుల చుట్టూ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించడం.
2. కొబ్బరినూనెలో గంధకం కలిపి రోజూ చర్మానికి అంటేలా పూయడం.
3. కింద పరిచిన గడ్డి రోజూ తీసి కాల్చేయడం.
4. స్నానం మాత్రం చేయించకపోవడం.

నాలుగే! బడిలో అరవై మందికి ఆరోగ్య సూత్రాలు బట్టీ పట్టించే పంతులిని, నాకిదొక లెక్కా? నాలుగోది ఇప్పటికే పాటిస్తున్నాను కూడా.

సాయంత్రం 6. నూనె పూశాను. కత్తిరింపు రేపు. కత్తెర మా ఆవిడ నీలావతి కుట్టుపనిలో ఉంది.

4 జూలై, మంగళవారం.

5.50. ఇరవై నిమిషాలే ఆలస్యం. కత్తెర దొరికింది, కుందేళ్ళు దొరకలేదు. వెతగ్గా వెతగ్గా బియ్యం మూట వెనక ఉన్నాయి. అప్పటికి బడికి టైమైపోయింది. వెంట్రుకల మీదే పైపైన మందు రాసి పరుగెత్తాను. కత్తిరింపు ఆదివారం, తీరిగ్గా.

6 జూలై, గురువారం.

6.40. ఒంటికి గంధకం కంపు. హెడ్మాస్టరు కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. నీలావతి నాకు అన్నం వసారాలో పెట్టింది. ఇన్ని త్యాగాలు చేస్తున్నప్పుడు ఒకపూట గడ్డి మార్చకపోతే ఏం కాదు.

9 జూలై, ఆదివారం.

కత్తిరింపు రోజు. పెనుకొండ నుంచి బావమరిది లక్ష్మీనారాయణ ఊడిపడ్డాడు. ఇంటికొచ్చిన మనిషి ముందు కుందేలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? పేకాట ఆడాం. కత్తెర ఎప్పుడు పడతావని అమ్మ నాలుగుసార్లు అడిగింది. రేపు తప్పదు.

10 జూలై, సోమవారం.

తప్పింది. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, రెండు కుందేళ్ళ వెంట్రుకలూ కదిరి నరసింహస్వామికి మొక్కేసింది. మొక్కిన వెంట్రుకలకు స్వామి సన్నిధి చేరేదాకా కత్తెర తగలకూడదు. మా ఇంట్లో అందరి పుట్టువెంట్రుకలకూ ఇదే కట్టుబాటు. డాక్టరేమంటాడని కాసేపు అమ్మ మీద ఎగిరాను. నిజం మాత్రం ఇక్కడ రాస్తాను. లోపల హాయిగా ఉంది. కత్తిరించొద్దన్నది ఇక నేను కాదు, స్వామి.

13 జూలై, గురువారం.

వెంట్రుకలు తీయనిదే మందు చర్మానికి అంటదు. అంటని మందు పూయడం దండగ. కాబట్టి ఆపేశాను. వాన తుంపర్లు, గడ్డి అంటుకోవడం లేదు. కాబట్టి అదీ ఆపేశాను. నా ముంజేతి మీద నాలుగు దద్దుర్లు. దోమలు!

17 జూలై, సోమవారం.

దద్దుర్లు పద్నాలుగు. దోమలు కావు. ఏడో తరగతికి శుభ్రత పాఠం గోక్కుంటూ చెప్పాను. ముందు బెంచీ వాళ్ళు నవ్వారు. నీలావతికి నడుం దగ్గర మొదలైందట. నా చాప తీసి వసారాలోకి విసిరింది.

21 జూలై, శుక్రవారం.

సున్నం రెండు రోజులుగా ఏమీ తినలేదు. ముల్లంగి ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి గుచ్చుకుంది. చెవులు రేకుల్లా గట్టిపడ్డాయి.

"నాయనా, సున్నం సచ్చిపోతాదా?" అని అడిగింది లక్ష్మీదేవి.

ఆదివారం కదిరికి పోతున్నాం, స్వామి చూసుకుంటాడని చెప్పాను. ఆ మాట అంటుంటే సిగ్గేసింది. భయమూ వేసింది.

23 జూలై, ఆదివారం.

అందరం బయల్దేరాం. గంపలో కుందేళ్ళు, ఒళ్ళో గంప. ముదిగుబ్బ దాటేదాకా బస్సంతా మమ్మల్నే చూసింది.

కదిరిలో గుండ్లు గీసే ముత్యాలప్ప కత్తి నూరుతూ, గుండు గీయాల్సిన బిడ్డ ఏదని అడిగాడు. గంప మూత తీశాను. చాలాసేపు లోపలికి చూశాడు.

"ఏమప్పా, ఈ కత్తి మనుషుల తలకాయలకు పెట్టేది. దీని తోలు పల్చన. తెగితే ఆడికాడికే పానం పోతాది. ఇంట్లో మనిషెవరన్నా దీనికి బదులు గుండు కొట్టించుకోండి, చెల్తాది."

నాకు ఒళ్ళు మండింది. ఇదంతా నీ మొక్కు వల్లేనని అందరి ముందూ అమ్మను తిట్టాను. అమ్మ గొంతు పెంచలేదు.

"నువ్వు చేస్తావనే నమ్మకముంటే ఆ స్వామికి యాల మొక్కుకుందును రా? నీతో కాదనే ఆయప్పకు అప్పజెప్తి."

గంపలో సున్నం తల కూడా ఎత్తడం లేదు.

నాది ఉంగరాల జుట్టు. పెళ్ళిచూపుల్లో నీలావతి ఒప్పుకున్నది దాన్ని చూసేనని నా నమ్మకం. పోయి ముత్యాలప్ప ముందు కూర్చున్నాను. రెండు కుందేళ్ళకు ఒక గుండు సరిపోతుందా అని అమ్మకు అనుమానం వచ్చింది. ఆయన తల పెద్దదే, సరిపోతుందంది నీలావతి.

24 జూలై, సోమవారం.

ఉదయం 5.30. ఇరవై ఒక్క రోజుల దీక్ష. మొదటి రోజు.

5.35. కత్తెర పట్టాను. మొక్కు తీరింది, ఇక అడ్డు ఎవరూ లేరు. లక్ష్మీదేవి సున్నాన్ని గుడ్డలో చుట్టి పట్టుకుంది. చెవుల చుట్టూ, మెడ కింద నెమ్మదిగా కత్తిరించాను. కింద చర్మమంతా పుండు. మూడు వారాలు ఆ వెంట్రుకల మాటున ఏముందో నేను చూడనే లేదు. నూనెతో పొక్కులు నానబెట్టి గంధకం పూశాను. తర్వాత బూడిదకు. పాత గడ్డి కాల్చాను. కడుక్కోవడానికి వెళ్ళబోతుంటే వెనక కరకర వినిపించింది. సున్నం ముల్లంగి ఆకు కొసను కొరుకుతోంది. కొసే, అయినా కొరికింది.

గడప దగ్గర అమ్మ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. ఈ ఇరవై ఒక్క రోజులూ ఏ దేవుడికీ ఏమీ మొక్కొద్దని బతిమాలాను.

"మొక్కుకుంటాలేదు రా. నీ చేతిలో కత్తెర సూసి దండం పెడ్తాండా."