ఓబులేసు పాసైన కబురు

ప్రొద్దుటూరు, బేస్తవారం

అమ్మా రామక్కా, మీ తమ్ముడు ఓబులేసు పాసైనాడు. అరికాళ్లు ఒత్తి నొప్పులు తీసే వైద్యంలో సర్టిఫికెట్టు చేతికిచ్చినారు. మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

పరీక్ష దినం పెద్ద డాక్టరు తెర కట్టించి, పిల్లోళ్లు ఒత్తి నేర్చుకునేదానికి కాళ్లిచ్చే మా ముసలోళ్లను దాని ఎనక పండబెట్టి, కాళ్లు మాత్రం బయటికి పెట్టించినాడు. వీడు నా మడమ ముట్టుకుంటానే "సార్, ఇది మా నాయన కాలు" అన్యాడు. "అట్లయితే ఇది లెక్కలోకి రాదు, పక్క కాలు పట్టు" అన్యాడు డాక్టరు. పక్కనాయనది ఖాజీపేట. వీడు అరికాలు ఒత్తి చూసి "పెద్దాయనా, నీకు నడుము నొప్పి గదా" అంటే, ఆయప్ప తెర ఎత్తి "నీకెవురు చెప్పినార్రా" అన్యాడు. అందరూ నవ్వినారు.

వానికి పులివెందుల వైద్యశాలలో పని ఇచ్చినారు. మొన్న బస్సెక్కించినా. "నాయనా, ఇంక నీ కాళ్లకు సెలవు, ఇంటికి పో" అన్యాడు. వాడు ఒత్తి నేర్చుకునేదానికి కాళ్లు కావాలనే గదా నేనీడికి వచ్చింది. సందేళైతే అలవాటు కొద్దీ చాప మీద కాళ్లు చాపుకొని కూచుంటాండా. గదిలో శానా ఒంటిగా ఉంది.

వానకు మన మగ్గం గుంతలో నిండిన నీళ్లు ఇంకినాయా? నేను ఇంటికి రావాల్నా, వాని కాడికి పోవాల్నా, మీ అమ్మను అడిగి రాయి. వాడైతే రమ్మన్లేదు.

మీరంతా సల్లగుండాల. చిలమకూరు మీ అత్తకు, కొండాపురం పెద్దమామకు, కాళ్లు పట్టే పనా అని ఎక్కిరించిన మీ చిన్నాయనకు ఈ కబురు చెప్పు. వాడు నేర్చుకున్యది మీ నాయన కాళ్ల మీదేనని కూడా చెప్పు.