పసుపు పెట్టిన తువ్వాలలు

వందన వాళ్ల అమ్మకు,

నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, కూడబలుక్కుని చదువు. సిరిసిల్లలో బిడ్డ, నేను బాగున్నాము.

మన వందన నేయించే తెల్ల తువ్వాలలు మస్కట్ హోటళ్లకు కొంటానని అక్కడి వ్యాపారి మేడం నమూనాలు అడిగింది. ఈ బేరం కుదిరితే ఆగిపోయిన మగ్గాలు మళ్లీ నడుస్తాయి. డబ్బా సర్దమని బిడ్డ నాకు చెప్పింది. కొత్త బట్టను దేశం దాటించేటప్పుడు ఒట్టిగా ఎట్లా పంపుతాం? అన్నింటి కొసలకూ పసుపు పెట్టాను.

నిన్న మేడం వీడియోలో కనబడి, ఈ మరకలేమిటని హిందీలో అడిగింది. వందన నా దిక్కు తిరిగి, "బాపూ, తెల్ల తువ్వాలలకు పసుపు పెట్టినవా? ఇగ ఆర్డర్ పోయినట్టే!" అన్నది. నేను మగ్గం చాటుకు పోయి నిలబడ్డాను. బిడ్డే ధైర్యం చేసి, పసుపు పెట్టకుండా మేము కొత్త బట్ట ఎవరికీ ఇవ్వమని, ఇది మా బాపు పెట్టిందని చెప్పింది. మేడం పకపకా నవ్వింది. హోటళ్లకు తెల్లగానే పంపమని, తనకు మాత్రం ఒకటి ముసలాయన చేతి పసుపుతోనే కావాలని ఆర్డర్ ఇచ్చింది.

"బాపూ, గా ఒక్క తువ్వాలనే నీ డ్యూటీ. తక్కిన డబ్బాల దిక్కు రాకు" అంటున్నది బిడ్డ.

మన చేను పసుపు కొంచెం దంచి మేడిపల్లి నుంచి వచ్చేవాళ్లతో పంపు. ఇక్కడి ప్యాకెట్ పసుపుకు వాసన లేదు. బర్రె ఈనిందా? దూడ ఆడదా, మగదా? రాజన్న దేవుని దయతో అందరూ చల్లగా ఉండాలి.

ఈ కార్డు మూలకు ఉన్నది పసుపే, మరక అనుకోకు. తొందరగా జవాబు రాయి.

వందన బాపు