నాకు రాని వాయిస్ మెసేజ్‌లు

మదనపల్లె,
ఆదివారం.

చిరంజీవి మునీశ్వరికి,

మొన్న పుంగనూరు పెళ్ళిలో నువ్వు మీ అక్క మెసేజ్ ఒకటి అందరికీ వినిపించావు. "ఏమే మునీ, మీ బావ వంకాయలు తెచ్చినాడు సూడు, అన్నీ పుచ్చులే. కూరకు కాదేమో, పురుగుల్ని సాకేదానికి తెచ్చినాడు" అని నవ్వుతోంది. నేను లేచి బయటికి వెళ్ళాను. దుఃఖమని అందరూ అనుకున్నారు. నిజానికి నీ మీద అసూయ.

మీ అక్కా నేనూ ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు వాయిస్ మెసేజ్ పెట్టాల్సిన అవసరం ఆమెకు రాలేదు. కుప్పంలో ఉన్న నీకు రోజూ పెట్టింది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. నా ఫోన్‌లో ఆమె గొంతు ఒక్కటీ లేదు.

మెమరీ నిండిందని, పాతవి తీసేస్తానని అన్నావు. దయచేసి తీయవద్దు. దీంతోపాటు పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. అన్నీ అందులోకి ఎక్కించి పంపు.

నా మీద చెప్పిన చాడీలు కూడా ఉంటాయి. నేను నొచ్చుకుంటానని వాటిని ఏరేయకు. మిగతావన్నీ నీతో చెప్పుకున్న కబుర్లు. ఆ చాడీలైనా నా గురించినవి.

మీ బావ