సందులో బోణీ నాదే

2020 ఏప్రిల్ 24

దుబాయ్‌కి వచ్చాక కరామా ఇంత నిశ్శబ్దంగా ఉండగా ఎప్పుడూ చూడలేదు. మా సందులో కుట్టి కెఫెటీరియా మూత. సెలూన్ మూత. నా టైలర్ షాపు షట్టరు సగానికి దించి లోపల మాస్కులు కుడుతున్నాను. నర్సయ్య బకాలా ఒక్కటే తెరిచి ఉంది. బియ్యం, ఉల్లిపాయలు, పాలు... సందు మొత్తానికి అతనే దిక్కు. ఆ బకాలాకి మొదటి రోజు బోణీ చేసింది నేను. ఊరికే పోతుందా?

పై అంతస్తులో మెస్ నడిపే పుష్పమ్మ, గదుల్లో ఇరుక్కున్నవాళ్ల కోసం భోజనం డబ్బాలు తలుపు గడియలకి తగిలించి వెళ్తోంది. తలుపు కొట్టడం, దూరంగా జరగడం. ఆ మెస్‌కీ బోణీ నాదే.

2020 జూన్ 3

కుట్టి మళ్లీ తెరిచాడు. నేను వెళ్లేసరికి బయట దూరం దూరంగా జనం. పాలు మరుగుతున్నాయి. ఒక్కరికీ టీ పోయలేదు. “మస్తాన్ భాయ్ కో ఆనే దో” అన్నాడట అందరితో. మొదటి గ్లాసు నా చేతిలో పెట్టాకే మిగతావాళ్లకి. కాలర్ ఎగరేసుకుని తాగాను. నాలుక కాలింది. పర్వాలేదు.

2021 మార్చి 8

మెస్‌లో కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి అడిగాడు— “ఈ సందుకి హిస్టరీ ఏమైనా ఉందా అంకుల్?”

ఉందా అంటాడేమిటి! కూర్చోబెట్టి చెప్పాను. సెలూన్ తెరిచేనాటికి నాకు క్షవరం అయి రెండు రోజులు కూడా కాలేదు. బోణీ కదా, గుండు చేయించుకున్నాను. లాండ్రీకి ఉతికిన చొక్కానే తీసుకెళ్లి వేశాను. పుష్పమ్మ మెస్ పెట్టిన పొద్దున పళ్లు తోముకోగానే సాంబారన్నం తిన్నాను. కరోనా మూత లెక్కలోకి రాదు; నా చెయ్యి పడిన షాపు ఇంతవరకు ఒక్కటీ మూతపడలేదు.

“అయితే మీరే హిస్టరీ అంకుల్” అన్నాడు. పొంగిపోయాను. దాచుకోవడం దేనికి?

2021 నవంబర్ 12

నర్సయ్య మూల మీది పెద్ద షాపులోకి మారాడు. అద్దాల తలుపులు, రెండు ఫ్రీజర్లు. “మస్తాన్ భాయ్, నువ్వు ముంగట నడువు” అన్నాడు. అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. సరిగ్గా ఇవాళే నా దగ్గర సూదులు అయిపోయాయి. అంత పెద్ద షాపులో సూదుల ప్యాకెట్ తీసుకున్నాను.

పుష్పమ్మ నొచ్చుకుంది. “బోణీకి సూదులేంటండీ మస్తాన్ గారూ? పంచదారో బెల్లమో తీసుకోక?”

“దర్జీకి సూదికన్నా శుభం ఏముంటదమ్మా?” అన్నాను. నర్సయ్య కూడా నవ్వాడు.

2022 జనవరి 9

సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. ఇవాళ సందు నిండా జనం. అల్ ఐన్ తోటల నుంచి, సజ్జా లేబర్ క్యాంపుల నుంచి మనవాళ్లు వచ్చారు. కొందరు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి, చాలామంది ఊరికే కుట్టి షాపు ముందు నిలబడి తెలుగు మాట్లాడుకోవడానికి. దుబాయ్‌లో ఇలాంటి సందు ఇంకొకటి చూపించమనండి.

2023 ఫిబ్రవరి 20

నర్సయ్య షాపులో ఫ్రీజర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కొత్తిమీర కట్ట కూడా ఫోన్లో తెప్పించుకుంటున్నారు జనం.

2023 ఆగస్టు 6

ఖలాస్. నర్సయ్య షట్టరు దించేశాడు. ఫ్రీజర్లు ట్రక్కెక్కాయి. కుట్టి దగ్గర అంటుంటే విన్నాను— “కొత్త షాపుకు సూదులు కొన్నడు భాయ్... నాకు గప్పుడే మనసుల కొట్టింది.” వెనక నేనున్నానని చూసుకోలేదు. చూసుకున్నా అనేవాడేమో. టీ తాగకుండా వచ్చేశాను.

ఫోన్లు చేసిన పనికి నా సూదులదా తప్పు?

2023 డిసెంబర్ 2

యూఏఈ నేషనల్ డే. సందంతా జెండాలు. కొత్త జ్యూస్ షాపు తెరిచారు. బోణీ కుట్టి చేత చేయించారు. నన్ను పిలవలేదు. చీర ఫాల్ కుడుతూ తల ఎత్తలేదు. ఏడుపొచ్చింది.

2024 జులై 14

నర్సయ్యకి సజ్జాలో ఏదో ఫ్యాక్టరీ స్టోర్‌లో పని. ఉండేది ఇక్కడే. బస్సు దిగి అవతలి పేవ్‌మెంట్ మీదుగా పోతాడు. నా షాపు వైపు చూడడు.

2024 నవంబర్ 17

మా బిల్డింగ్ పాతదైందట, ఖాళీ చేయాలి. సందు చివర చిన్న షాపు చూసుకున్నాను. సందు వదిలి పోయే ప్రశ్నే లేదు. అంతలో పుష్పమ్మ అడిగింది— “మరి మీ షాపుకి బోణీ ఎవరండీ?”

ఎప్పుడూ ఆలోచించలేదు. పాత షాపుకి కుట్టి లుంగీ అంచు కుట్టించుకున్నాడు, అంతే.

2024 నవంబర్ 18

నర్సయ్యే. ఇంకెవరూ కాదు. నా చెయ్యి మంచిది కాదన్న మనిషే వచ్చి నా చేత కుట్టించుకోవాలి. అప్పుడు గానీ ఈ సందులో నా పరువు నిలబడదు.

అబద్ధం ఎందుకు... అతను పలకరించకపోతే నాకు ఏమీ బాగాలేదు.

2025 జనవరి 12

వచ్చే ఆదివారం తెరుస్తున్నానని కుట్టి చేత కబురు పంపాను. “సూస్త” అన్నాడట. అంతే.

2025 జనవరి 19, ఆదివారం

షట్టరు ఎత్తాను. బోర్డు పాతదే, తుడిచి పెట్టాను. కుట్టి వచ్చి చూసి “బహుత్ అచ్ఛా” అన్నాడు.

కర్టెన్లు పట్టుకుని ఒక ఈజిప్టు ఆవిడ వచ్చింది. “బుక్రా, మేడమ్” అని రేపు రమ్మన్నాను. గుర్రుగా చూసి వెళ్లింది. బ్యాంకు అబ్బాయి ప్యాంటు తెచ్చాడు, ఇంకా బోణీ కాలేదు ఆగమన్నాను. పుష్పమ్మ జాకెట్టు గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఎవరైనా బోణీ బేరం వెనక్కి పంపుతారండీ?”

“మనిషి రావాల, ఆగమ్మా.”

“రాకపోతే?”

ఈ డైరీ తీశాను.

మధ్యాహ్నం దాటింది. అవతలి పేవ్‌మెంట్ మీద నర్సయ్య. ఇవాళ పోవడం లేదు, ఆగాడు. చేతిలో నల్ల కవరు. అందులో ఉన్నది గుడ్డో కూరగాయలో ఇక్కడి నుంచి తెలియడం లేదు. “పిలవండి” అంటోంది పుష్పమ్మ. సూదిలో దారం ఎక్కించి ఉంది. అతను పేవ్‌మెంట్ దిగి అటూ ఇటూ బండ్లు చూసుకుంటున్నాడు—