సరే బంగారం

సెప్టెంబరు 9

ప్రియమైన లవోన్ అక్కకి,

నీ కుక్క చేరింది. కారు దిగి నా ముఖం చూసింది, నేను దాని ముఖం చూశాను, ఇద్దరికీ నచ్చలేదు. తుంటి విరిగి మంచాన పడ్డ అక్క అడిగితే కాదనలేకపోయాను గానీ, ఇదేం కుక్క అక్కా! తల్లి పూడుల్, తండ్రి గోల్డెన్ రిట్రీవర్ అన్నావు. చూస్తే ఉన్నిబంతికి కాళ్లు తగిలించినట్టుంది. పైగా పేరు మఫిన్, కాఫీతో తినే కేకు పేరు! నిన్న చేలో "మఫిన్! మఫిన్!" అని కేకలేస్తుంటే పక్క పొలం వెండెల్ కంచె దగ్గర నిలబడి, "ఏం డెల్మర్, కాఫీ కూడా పెట్టావా? రమ్మంటావా?" అన్నాడు.

మా వేటకుక్క హ్యాంక్ పోయాక ఇల్లు బావురుమంటోంది, నిజమే. అయినా నా సంగతి నీకు తెలుసు. పని చెయ్యని కుక్కకి నా గుమ్మంలో చోటు లేదు. అక్టోబరు మూడో శనివారం ఫెజంటు పక్షుల వేట మొదలు. పక్షిని పట్టిందా, నీ కాలు నయమయ్యేదాకా ఉంటుంది. పట్టలేదా, రెడ్‌ఫీల్డ్‌లో పచారీ కొట్టు గ్లెండా ఒళ్లో పెట్టుకుని పెంచుకుంటానంటోంది, ఇచ్చేస్తాను. ఇచ్చాక మళ్లీ తెమ్మని అడగకూడదు.

నీ తమ్ముడు,
డెల్మర్

సెప్టెంబరు 14

ఒరే డెల్మరూ, నా మొండి తమ్ముడూ,

నువ్వు మారవురా. పూడుల్ అంటే రిబ్బన్లు కట్టుకునే జాతి అనుకున్నావా? వాళ్ల తాతముత్తాతలు చల్లటి నీళ్లలో దూకి బాతుల్ని తెచ్చినవాళ్లు. ఆ నెత్తురు ఎక్కడికి పోతుంది?

వాడు ఆరేళ్లుగా నా కుర్చీ కిందే పడుకున్నాడు, ఒప్పుకుంటాను. బయటి పనంటే పెరట్లో నా అయిదు కోళ్ల మధ్య తిరగడమే. అవి వాడి వీపెక్కి కూర్చున్నా కిమ్మనడు. కాస్త ఓపిక పట్టు. వాణ్ణి ఎవరికో ఇచ్చేస్తానని మాత్రం రాయకు, రాత్రి అన్నం సహించలేదు నాకు.

మంచం మీంచే దీవిస్తూ,
లవోన్

అక్టోబరు 18

ప్రియమైన అక్కకి,

నిన్న వేట మొదలైంది, నా పరువు గంగలో కలిసింది. ఎనిమిది మందిమి మొక్కజొన్నలో వరసగా నడుస్తున్నాం. అందరి కుక్కలూ పొదల్లో దూకి పక్షుల్ని లేపుతున్నాయి. నీది మాత్రం పది అడుగులు వెయ్యడం, చతికిలబడ్డం! నా వైపు తిరిగి నోరు తెరుచుకుని చూడ్డం! పదకొండు సార్లు కూర్చుంది అక్కా, లెక్కపెట్టాను. పదకొండు సార్లూ మెడపట్టీ పట్టుకుని ఈడ్చుకెళ్లాను. "పాపం, అలిసిపోయింది. దిండు తెప్పించమంటావా?" అన్నాడు వెండెల్. నవ్వనివాడు లేడు.

కోళ్లతో చెలిమి చేసే కుక్క ఫెజంటుని పడుతుందా! ఇంటికొచ్చాక దాని ఒంటి మీద పల్లేరుకాయలు తియ్యడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ నా చెయ్యి నాకుతూనే ఉంది. మంచిదే, కాదనను. కానీ మాట మాటే. వచ్చే ఆదివారం గ్లెండా వచ్చి తీసుకెళ్తుంది.

డెల్మర్

అక్టోబరు 20

ఓరి మూర్ఖుడా,

ఆగు! ఈ ఉత్తరం రేపటికల్లా చేరాలని పోస్టాఫీసులో రెట్టింపు ఇచ్చి పంపుతున్నాను.

తప్పు నాదే. చెప్పడం మర్చిపోయాను. నా కోళ్లు కంచె దూకి పక్కింటి పొదల్లో దాక్కునేవి. వాటిని వెతకడం మఫినే నేర్చుకున్నాడు. కనిపెడితే దాని పక్కన కూర్చుని నా వైపు చూస్తాడు. మీద పడకూడదని, అరవకూడదని నేనే నేర్పాను. నేను "సరే బంగారం" అంటేనే ముట్టుకుంటాడు, ఈక చెదరకుండా నోట కరుచుకుని తెస్తాడు.

వాడు పదకొండు సార్లు కూర్చున్నాడంటే పదకొండు పక్షుల్ని చూపించాడురా. నువ్వు పదకొండు సార్లూ ఈడ్చుకెళ్లావు!

ఆత్రంగా,
లవోన్

నవంబరు 2

ప్రియమైన అక్కకి,

ఏ ముఖం పెట్టుకుని రాయను? గ్లెండాకి రావద్దని చెప్పేశాను. నీ ఉత్తరం అందాక వచ్చిన శనివారం వాణ్ణి తీసుకుని జమ్ము దుబ్బుల్లోకి వెళ్లాను. వెండెల్ వెంటబడ్డాడు, తమాషా చూద్దామని. మఫిన్ నాలుగడుగులు వేసి కూర్చున్నాడు. "మొదలెట్టాడురోయ్" అన్నాడు వెండెల్. నేను వాడి పక్కకి వెళ్లి, బూటుతో జమ్ము కదిపాను. వాడి ముక్కుకి జానెడు దూరంలోంచి ఫెజంటు పుంజు కొక్కొక్కో అంటూ లేచింది! ఆ రెక్కల గాలికి వాడి జుట్టు ఎగిరింది, వాడు మాత్రం కదల్లేదు. కాల్చాను. అది మంచు కట్టిన మడుగులో పడింది. వాడు నా వైపు చూశాడు, మాట కోసం.

నలభై ఏళ్లుగా వేటాడుతున్నాను అక్కా, కుక్కని "తే!" అనడం తప్ప ఎరగను. వెండెల్ ముందర, గొంతు సవరించుకుని, "సరే బంగారం" అన్నాను. వాడు పలకలుగా మంచు పగలగొట్టుకుంటూ ఈది, పక్షిని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. తోక ఈక ఒక్కటి వంగలేదు. వెండెల్ టోపీ వెనక్కి తోసుకుని, "ఇంకోసారి అనరా ఆ మాట" అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు గొంతులో. ఇలాంటి కుక్కని నా జన్మలో చూడలేదు. హ్యాంక్ నన్ను క్షమించుగాక.

నీ కార్డు అందింది. కాలు నయమైందని, ఆదివారం వచ్చి వాణ్ణి తీసుకెళ్తానని రాశావు. మంచిది. మాట మాటే కదా. వాడి దుప్పటి ఉతికి ఉంచుతాను. కాఫీ వేడిగా ఉంటుంది.

డెల్మర్

నవంబరు 9

ప్రియమైన తమ్ముడికి,

నిన్న కాఫీ చల్లారిపోయి ఉంటుంది. తిట్టుకుని ఉంటావు. నేను వచ్చానురా, ఒక రోజు ముందే. శనివారం పొద్దుటే మీ కంకర రోడ్డు మీద కారు ఆపుకున్నాను. నీ ఉత్తరంలో "అది" పోయి "వాడు" వచ్చింది చూశావా, అందుకే ఇంటికి రాకముందు ఒకసారి చూద్దామనిపించింది.

మీరిద్దరూ జమ్ము అంచున ఉన్నారు. వాడు కూర్చున్నాడు. నువ్వు గుడిలోకి వెళ్లేవాడిలా మెల్లగా నడిచావు. పుంజు లేచింది, రెండుసార్లు కాల్చి రెండుసార్లూ గురి తప్పావు. వాడు నిన్ను చూసిన చూపుంది చూడు! "క్షమించు బంగారం, ఎండ కళ్లలో పడింది" అన్నావు. రోడ్డు దాకా వినబడింది. మబ్బుపట్టి ఉందిరా అబద్ధాలకోరూ.

కాసేపటికి వాడు మళ్లీ కూర్చున్నాడు. నేను అద్దం దించి ఉన్నాను. గాలి నా వైపు నుంచే వీస్తోంది. నా వాసన తగిలింది వాడికి. గిర్రున తల తిప్పాడు. తోక నేలకేసి కొట్టాడు, ఒళ్లంతా వణికింది. ఒక్క కేక వేస్తే రెక్కలు కట్టుకుని వచ్చి నా ఒళ్లో పడేవాడు. పేరు నా నాలుక చివరదాకా వచ్చింది.

పిలవలేదు. వాడు నన్ను కాసేపు చూసి, తల తిప్పి, మళ్లీ జమ్ము వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆరేళ్లు వాడు నా దగ్గర సుఖంగా ఉన్నాడనుకున్నాను. ఉన్నాడు కూడా. కానీ వాడి ముఖంలో ఆ వెలుగు నా కుర్చీ కింద ఎప్పుడూ చూడలేదు. మంచుకి తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని, నువ్వు చూసేలోపు కారు వెనక్కి తిప్పాను.

దుప్పటి మళ్లీ పరిచెయ్యి.

నీ అక్క,
లవోన్